డిగ్రీ చదువు: త్వరపడవలెనా, తాళవలెనా?

ఆలస్యము అమృతమును విషము చేయునని ఒక సామెత. నిదానమే ప్రధానమని మఱియొక సామెత. రెండును మన పెద్దలు చెప్పినవే. ఒకే యింటిలో, ఒకే దినమున, ఒకే నోట రెండును వినబడుచుండును. కొడుకు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టక జాగు చేసినప్పుడు మొదటిది. అతడే తొందరపడి దరఖాస్తులో తప్పు వ్రాసినప్పుడు రెండవది. సామెతలు మనకు తోడు వచ్చునే గాని, మన బదులుగ నిర్ణయము చేయవు. డిగ్రీ చదువు విషయమున ఈ రెండు సామెతలును ఇప్పుడు ముఖాముఖిగ నిలిచినవి.

ఇటీవల ఒక విద్యార్థిని మాకు జాబు వ్రాసినది. చేనేత కుటుంబము. బి.యస్సి. రసాయనశాస్త్రమున రెండు సెమిస్టర్లు మంచి మార్కులతో ముగించినది. కోరినవారు మూడేండ్ల చదువును రెండున్నర ఏండ్లలో పూర్తిచేయవచ్చునని వారి కళాశాలలో ప్రకటించినారు. తండ్రికి చూపు తగ్గుచున్నది. మగ్గముమీద మునుపటివలె పని సాగుట లేదు. తమ్ముడు ఇంటరులో నున్నాడు. “ఆరు నెలలు ముందుగ బయటపడినను మేలే గదమ్మా” అని తండ్రి అనుచున్నాడు. “నాలుగవ యేడు కూడ చదువవలెను, నీకు పరిశోధనకు తగిన బుద్ధి యున్నది” అని అధ్యాపకురాలు చెప్పుచున్నారు. “డిగ్రీ చేతికి వచ్చిన మరునాడే సంబంధము చూతము” అని నాయనమ్మ కాచుకొని యున్నది. “ఈ ముగ్గురిలో ఎవరి మాట వినవలెనో చెప్పుడు, నెలలోపల కళాశాలకు జవాబు ఇయ్యవలెను” అని ఆ అమ్మాయి ప్రశ్న.

ముగ్గురును ఆమె మేలు కోరువారే. కనుక ఎవరి మాట వినవలెనని గాక, ఏ లెక్క వేసికొనవలెనని మేము ఆలోచించినాము. ఆ లెక్క ఆమె ఒక్కతెకే గాక, ఈ వేళ డిగ్రీ గుమ్మము తొక్కిన ప్రతి విద్యార్థికిని, వారి తల్లిదండ్రులకును పనికివచ్చునని తోచి ఇచ్చట విప్పి చెప్పుచున్నాము.

మొదట ఒక మాట. డిగ్రీకి మూడేండ్లనునది బ్రహ్మవ్రాత కాదు. 1950వ దశకము వరకు మన తెలుగు జిల్లాలలో ఉన్నత పాఠశాల చదువు ముగిసిన పిమ్మట రెండేండ్లు ఇంటర్మీడియెటు, ఆపైన రెండేండ్లు బి.ఏ. ఉండెడిది. ఆనర్సు చదువువారు ఇంటరు పిమ్మట మూడేండ్లు ఉండెడివారు. ఢిల్లీ విశ్వవిద్యాలయము 1943లోనే మూడేండ్ల డిగ్రీని ప్రవేశపెట్టినది. అంతకు ముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగ నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము దేశమంతటను మూడేండ్ల డిగ్రీ యుండవలెనని సూచించినది. 1964-66 నాటి కొఠారీ సంఘము పాఠశాల విద్యకు పది, ఆపైన రెండు, డిగ్రీకి మూడు అను మెట్లకు దారి చూపినది. ఢిల్లీలో 2013లో నాలుగేండ్ల డిగ్రీ పెట్టిరి, 2014లో తీసివేసిరి, 2022లో తిరిగి పెట్టిరి. కాలమునుబట్టి, అవసరమునుబట్టి ఈ కొలత మారుచునే వచ్చినది. నాడు ఆ కొలతను ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును నిర్ణయించెడివి. నేడు అందులో కొంత భాగము విద్యార్థి చేతిలో పెట్టినారు. స్వేచ్ఛ పెరిగినది, దానితోపాటు చిక్కును పెరిగినది.

ఇప్పటి విధానము ఇట్లున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో డిగ్రీకి ఒక చట్రము ఏర్పరచినది. అందు చదువును ఏండ్లతో గాక క్రెడిట్లతో కొలుతురు. మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. నాలుగేండ్ల ఆనర్సునకు 160. పిమ్మట 2024 చివర, తెలంగాణమువారైన ఆచార్య మామిడాల జగదీశ్ కుమార్ గారు ఆ సంఘమునకు అధ్యక్షులుగ నున్నప్పుడు, మఱి రెండు మార్గములు తెరచినారు. ఒకటి త్వరిత డిగ్రీ. రెండవది దీర్ఘ డిగ్రీ. త్వరిత మార్గమున మూడేండ్ల డిగ్రీని అయిదు సెమిస్టర్లలో ముగింపవచ్చును. నాలుగేండ్ల డిగ్రీని ఏడింటిలో గాని ఆరింటిలో గాని ముగింపవచ్చును. దీర్ఘ మార్గమున రెండు సెమిస్టర్ల వరకు పొడిగించుకొనవచ్చును. అనగా మూడేండ్ల డిగ్రీ నాలుగేండ్ల వరకు, నాలుగేండ్ల డిగ్రీ అయిదేండ్ల వరకు సాగవచ్చును.

ఇందు గుర్తుంచుకొనవలసిన సంగతులు నాలుగు. మొదటిది: ఏ మార్గమున పోయినను క్రెడిట్లు తగ్గవు. పాఠము తగ్గించి పట్టము ఇచ్చుట లేదు. అదే పాఠమును ఇరికించి గాని పరచి గాని చెప్పుట మాత్రమే. రెండవది: ఈ కోరికను మొదటి సెమిస్టరు చివర గాని రెండవ సెమిస్టరు చివర గాని తెలుపవలెను, ఆపైన వీలులేదు. మూడవది: త్వరిత మార్గమునకు మంజూరైన సీట్లలో నూటికి పది వరకు మాత్రమే కేటాయింపవచ్చును, విద్యార్థి ఆ బరువు మోయగలడా యని కళాశాల నియమించిన సంఘము మార్కులు చూచి తేల్చును. దీర్ఘ మార్గమునకు అట్టి పరిమితి లేదు. నాలుగవది: ఈ పట్టములకును మామూలు పట్టమునకును ఉద్యోగములకు గాని పై చదువులకు గాని భేదము లేదు. ఎంత కాలములో ముగించినది ధ్రువపత్రమునందు ఒక గమనికగ నుండును, అంతియే. అయితే ఈ మార్గములు చట్టమున ఉన్నంత మాత్రమున ప్రతి కళాశాలలోను ఉన్నట్లు కాదు. తమ విశ్వవిద్యాలయము వీనిని అమలుచేయుచున్నదో లేదో ముందుగ విచారింపవలెను.

ఇక లెక్కకు వత్తము. ఒక క్రెడిటు అనగా విద్యార్థి పెట్టవలసిన శ్రమ సుమారు 30 గంటలు. తరగతిలో వినుట, ప్రయోగశాలలో చేయుట, ఇంట చదువుట, పరీక్ష వ్రాయుట అన్నియు అందులోనివే. సెమిస్టరునకు 20 క్రెడిట్లు చొప్పున చదువువానికి 600 గంటల పని. సెమిస్టరు పదునైదు వారములనుకొన్నచో వారమునకు 40 గంటలు. ఇది ఒక గుమాస్తా పనిగంటలతో సమానము.

త్వరిత మార్గమును మొదటి సెమిస్టరు చివర ఎన్నుకొన్న విద్యార్థికి మిగిలిన 100 క్రెడిట్లు నాలుగు సెమిస్టర్లలో రావలెను. అనగా సెమిస్టరునకు 25. వారమునకు 50 గంటలు. రెండవ సెమిస్టరు చివర ఎన్నుకొన్నచో 80 క్రెడిట్లు మూడు సెమిస్టర్లలో రావలెను. అనగా సెమిస్టరునకు సుమారు 27. వారమునకు 53, 54 గంటలు. ఆదివారమును కలుపుకొన్నను దినమునకు ఏడున్నర గంటలకు మించినది. నాలుగేండ్ల డిగ్రీని మూడేండ్లలో, అనగా ఆరు సెమిస్టర్లలో ముగింపదలచి రెండవ సెమిస్టరు చివర బయలుదేరినవాని బరువు ఇంకను ఎక్కువ: నాలుగు సెమిస్టర్లలో 120 క్రెడిట్లు, వారమునకు 60 గంటలు.

సాహిత్యము, చరిత్ర, అర్థశాస్త్రము చదువువారు ఈ గంటలలో కొన్నింటిని రాత్రివేళ ఇంటనో, ప్రయాణమున బస్సులోనో సర్దుకొనగలరు. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఆ వెసులుబాటు తక్కువ. ప్రయోగశాల తెరచియున్న వేళకే పోవలెను. బ్యూరెట్టు నుండి చుక్క చుక్కగ పడు ద్రావణము మన తొందరను గుర్తింపదు. రంగు మారు క్షణము దాటిపోయినచో ప్రయోగము మొదటికి వచ్చును. చదువులో కొన్ని భాగములను వేగముగ చేయవచ్చును, కొన్నింటిని చేయరాదు. తన శాస్త్రమున ఏ భాగము ఎంత యున్నదో విద్యార్థి చూచుకొనవలెను.

శ్రమ సంగతి అట్లుండగా, ఆ శ్రమకు దొరకు ఫలమును కూడ చూడవలెను. ఆరు నెలలు మిగులునని అందరును అనుచున్నారు. నిజముగ మిగులునా? ఇందుకు పంచాంగము చూడవలెను. అయిదవ సెమిస్టరు సాధారణముగ సంవత్సరము చివరనో, సంక్రాంతి ముందు వెనుకలనో ముగియును. పై చదువుల తరగతులు మఱుసటి వానకాలముననే ప్రారంభమగును. ఎం.యస్సి., ఎం.ఏ., ఎం.బి.ఏ. ప్రవేశపరీక్షలకు ఆరవ సెమిస్టరు చదువుచున్నవారును కూర్చుండవచ్చును. కనుక పై చదువులకు పోదలచినవారిలో ముందుగ ముగించినవాడును, మామూలుగ ముగించినవాడును ఒకే దినమున, ఒకే తరగతిలో, ఒకే బల్లమీద కూర్చుందురు. మిగిలిన ఆరు నెలలు ఇంటి అరుగుమీద గడచిపోవచ్చును. ఆ ఆరు నెలలను ప్రవేశపరీక్షకు సిద్ధమగుటకో, ఒక పని నేర్చుటకో వినియోగించువానికి లాభమే; ఊరక కూర్చుండువానికి రెండేండ్ల అలసటయే మిగులును.

ఉద్యోగ పరీక్షలయందును ఇట్టి మెలిక కలదు. కేంద్ర సివిలు సర్వీసు పరీక్షకు కనీస వయస్సు 21 ఏండ్లు. అది పరీక్ష జరుగు సంవత్సరము ఆగస్టు 1వ తేదీకి నిండియుండవలెను. పదునేడవ యేట ఇంటరు ముగించినవాడు రెండున్నర ఏండ్లలో డిగ్రీ తీసికొన్నను, వయస్సు నిండువరకు వేచియుండక తప్పదు. అట్టివాడు డిగ్రీకొరకు పరుగెత్తుటకంటె ఆ కాలమును చదువుకే ఇచ్చుట మేలు. మఱి వెంటనే కొలువు చేయదలచినవాని సంగతి వేరు. ప్రకటన వెలువడునాటికి పట్టము చేతనుండవలెనను ఉద్యోగములకు ఆరు నెలలు ముందుగ ముగించినవాడు అర్హుడగును; మామూలుగ చదువువాడు కాకపోవచ్చును. ఇంటికి ఆదాయము అత్యవసరమైనప్పుడు ఆరు నెలల జీతము చిన్నది కాదు. నెలకు 15,000 రూపాయల కొలువు దొరికినదని ఊహించుకొన్నచో ఆరు నెలలకు 90,000. ఒక పేద యింట అప్పు తీరుటకో, ఒక పిల్లవాని చదువు నిలుచుటకో అది చాలును. ఈ లెక్కను తక్కువచేసి మాటలాడు హక్కు కడుపు నిండినవారికి లేదు.

కాని ఆ కొలువు నిజముగ నున్నదా, లేక ఉండునని ఆశయా యని తరచి చూడవలెను. నియామకములకు కళాశాలలకు వచ్చు సంస్థలు తరగతి మొత్తమునకు ఒక్కమారు పరీక్షలు జరుపుచుండును. తోటివారికంటె ముందుగ వెడలిపోవు పిల్లవాడు ఆ వరుసలో నుండునా? ఈ ప్రశ్న కళాశాలలో అడిగి తెలిసికొనవలసినది. చేతిలో కొలువు ఉన్నవానికి త్వరిత మార్గము రాజమార్గము. లేనివానికి అది తొందరగ వీధిలోనికి నెట్టు దారి కూడ కావచ్చును.

ఇతర దేశముల అనుభవము కొంత చెప్పుదుము. ఇంగ్లండులో మూడేండ్ల డిగ్రీని రెండేండ్లలో ముగించు పద్ధతి కొన్ని చోట్ల ఉన్నది. 1976లో ప్రారంభమైన బకింగ్‌హాం విద్యాసంస్థ ఆ పద్ధతికే పేరుగాంచినది. 2019లో అచ్చటి ప్రభుత్వము అట్టి త్వరిత డిగ్రీలకు ఏడాది రుసుమును 11,100 పౌండ్ల వరకు అనుమతించినది. రెండేండ్లకు 22,200. అప్పటి మామూలు డిగ్రీకి ఏడాదికి 9,250 చొప్పున మూడేండ్లకు 27,750. విద్యార్థికి రుసుములో అయిదవ వంతు మిగులు. అయితే అచ్చట ఆ కాలమును సంపాదించునది వేసవి సెలవులనుండి. ఎండకాలమున గూడ తరగతులు జరుగును. అందుచేత వారపు బరువు అంతగ పెరుగదు. మన చట్రమునందును వేసవి తరగతులకు చోటున్నది గాని, ప్రతి కళాశాలయు వానిని నడుపదు. సెలవులు సెలవులుగనే యుండి సెమిస్టర్లు మాత్రము తగ్గినచో, బరువంతయు మిగిలిన వారములమీదనే పడును. కనుక “అదనపు క్రెడిట్లు ఎప్పుడు, ఎవరు, ఎట్లు చెప్పుదురు?” అని అడుగుట మరువరాదు.

ఇంతవరకు త్వరపడువారి మాట. తాళవలసినవారి మాట మనము తక్కువగ మాటలాడుదుము. వారి అవసరమే ఎక్కువ.

మేము డిగ్రీ చదివిన కాలమున సెమిస్టర్లు లేవు. ఏడాదికొకమారు, ఎండలు ముదురువేళ పరీక్షలు. మాతో చదివిన మిత్రుడొకడు తరగతిలో అందరికంటె తెలివైనవాడు. రెండవ యేడు నడుచుచుండగా తండ్రి మంచము పట్టినాడు. ఇల్లు గడచుట కష్టమైనది. పగలు ఒక మందుల దుకాణమున పని, రాత్రి చదువు. హాజరు చాలలేదు. “చదివినచో మొత్తము చదువవలెను, లేనిచో మానవలెను” అనునదే నాటి నియమము. సగము బరువుతో నడచు దారి యేదియు అతనికి చూపినవారు లేరు. అతడు మానినాడు. రెండేండ్లు చదివినదానికి అతని చేత ఒక్క కాగితము లేదు. ఇరువది యేండ్లు గడచినవి. కనబడినప్పుడు నేటికిని మందుల సూత్రములు మాకంటె బాగుగ చెప్పును. కాని దరఖాస్తులో విద్యార్హత అను గడిలో ఇంటర్మీడియెటు అనియే వ్రాయుచున్నాడు.

నేడు అట్టివానికి దారులు మూడు కలవు. మొదటిది దీర్ఘ డిగ్రీ. మొదటి సెమిస్టరు చివర దానిని ఎన్నుకొని నాలుగేండ్లకు పరచుకొన్నచో సెమిస్టరునకు సుమారు 14 క్రెడిట్లు. వారమునకు 29 గంటలు. సగము దినము పనిచేసికొనుచును మోయదగిన బరువు. రెండవది నిలిచి తిరిగి వచ్చుట. ఒక యేడు ముగించి, నియమితమైన ఒక వృత్తివిద్యా పాఠము వేసవిలో చేసినవానికి సర్టిఫికెటు, రెండేండ్లకు డిప్లొమా. సంపాదించిన క్రెడిట్లు 2021లో ఏర్పడిన అకడమిక్ క్రెడిట్ల బ్యాంకునందు నిలువయుండును. మూడేండ్లలోపల తిరిగి చేరి, మొత్తము ఏడేండ్లలోపల డిగ్రీ ముగించుకొనవచ్చును. మూడవది సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఈ దారి పాతదే. మన దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే పుట్టినది. నేడు దానికి డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము 1985లో ఏర్పడినది. అందు మూడేండ్ల బి.ఏ.ను ఆరేండ్ల వరకు సాగించుకొనవచ్చును. కండక్టర్లు, గృహిణులు, సైనికులు ఆ దారిన పట్టభద్రులైరి. మా మిత్రునికి ఆ దారి నాడును ఉండెను. చెప్పినవారు లేరు, మేమును చెప్పలేదు. ఈ ప్రసంగము వ్రాయుటకు అదియు ఒక కారణము.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. తప్పిన పరీక్షలు పేరుకొని చదువు సాగిపోవుట వేరు; బరువు తగ్గించుకొని బుద్ధిపూర్వకముగ సాగించుకొనుట వేరు. బండి బురదలో దిగబడి నిలిచిపోవుట మొదటిది. ఎద్దుల బలమెరిగి మెల్లగ తోలుట రెండవది. చూచువారికి రెండును ఆలస్యముగనే కనబడును. కాని మొదటిదానిలో విద్యార్థి ధైర్యము నానాటికి తరుగును; రెండవదానిలో నానాటికి పెరుగును. రెండు సెమిస్టర్లలోను సగము పాఠములు తప్పిన పిల్లవానిని “ఎట్లయినను మూడేండ్లలో ముగించు” అని తరుముటకంటె, “నాలుగేండ్లలో చక్కగ ముగించు” అని చెప్పు తండ్రి వివేకవంతుడు. ఉపకారవేతనము, రుసుము రాయితీ పొందువారు మాత్రము, పొడిగించిన సెమిస్టర్లకు అవి వర్తించునో లేదో కళాశాల కార్యాలయమున అడిగి వ్రాతపూర్వకముగ తెలిసికొనుట అవసరము. ఒక మాట వినక పోయినందున ఒక ఏడాది రుసుము నెత్తిన పడరాదు.

ఇక నాలుగవ యేటి సంగతి. “మూడేండ్లకే పట్టము వచ్చుచుండగా నాలుగవ యేడు ఏల?” అని పలువురు అడుగుచున్నారు. దీనికి చిన్న కూడిక చాలును. మూడేండ్ల డిగ్రీ పిమ్మట ఎం.యస్సి. రెండేండ్లు, మొత్తము అయిదు. నాలుగేండ్ల ఆనర్సు పిమ్మట ఎం.యస్సి. ఒక యేడు చాలునని కొత్త విధానము; మొత్తము అయిదే. పై చదువు చదువదలచినవానికి నాలుగవ యేడు నష్టము కాదు. ఒక యేడు ఇచ్చట చదువుటయా, అచ్చట చదువుటయా యనునదే ప్రశ్న. మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 మార్కులు తెచ్చుకొన్నవారు నాలుగవ యేట పరిశోధన చేయవచ్చును. నాలుగేండ్ల డిగ్రీలో 75 తెచ్చుకొన్నవారు ఎం.యస్సి. లేకయే డాక్టరేటు ప్రవేశమునకు అర్హులగుదురు. కాని తమ కళాశాలలో నాలుగవ యేడు చెప్పు ఉపాధ్యాయులు, ప్రయోగశాల ఉన్నవా, తాము కోరు విశ్వవిద్యాలయమున ఒక యేటి ఎం.యస్సి. నడుచుచున్నదా యని చూచుకొనవలెను. కాగితముమీది దారి కాలికింద కూడ ఉండవలెను గదా!

పెండ్లి మాట లేకుండ ఆడపిల్ల చదువు లెక్క ముగియదు. పలు కుటుంబములలో పట్టము వచ్చు దినమే పెండ్లిచూపులకు ముహూర్తము. అట్టి యింట పిల్ల వేగముగ చదివి ఆరు నెలలు మిగిల్చినచో, ఆ ఆరు నెలలు ఎవరికి మిగిలినట్లు? తన కాళ్లమీద నిలుచుటకు ఆమె వాడుకొనగలిగినచో ఆమెకు. లేనిచో పెండ్లి త్వరపెట్టువారికి. పెద్దలను నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. పిల్లను ఒక యింటిదానిని చేయవలెనను ఆరాటము ప్రేమనుండి పుట్టినదే. కాని డిగ్రీ పిమ్మట ఏమి చేయవలెనో డిగ్రీ ముగియుటకు ముందే ఇంటిల్లిపాదియు కూర్చుండి మాటలాడుకొనవలెను. ఆ మాట తేలకుండ వేగమును గూర్చి తేల్చుట, ఊరు తెలియకుండ బండి ఎక్కుటవంటిది.

ఈ లెక్కలన్నియు ముందుంచుకొని మాకు జాబు వ్రాసిన అమ్మాయికి మా ఆలోచన చెప్పుచున్నాము. అమ్మా, నీ యెదుట మూడు ప్రశ్నలున్నవి గాని మూడింటికిని గడువు ఒకటి కాదు. త్వరిత మార్గమునకు మాత్రమే గడువు ఈ నెల. నాలుగవ యేటి నిర్ణయమునకు ఆరవ సెమిస్టరు వరకు వ్యవధి యున్నది. అప్పటికి నీ మార్కులే కొంత జవాబు చెప్పును. పెండ్లి నిర్ణయమునకు గడువు నీవును మీ వారును కలసి పెట్టుకొనునది.

కనుక ఈ నెల నీవు తేల్చవలసినది ఒక్కటే. అయిదవ సెమిస్టరు ముగిసిన వెంటనే నీకు కొలువు నిశ్చయముగ దొరకు మార్గమున్నదా? ఉన్నచో, ఇంటి పరిస్థితినిబట్టి, వారమునకు 54 గంటలు మోయగల ఆరోగ్యము నీకున్నచో, త్వరిత మార్గము తప్పు కాదు. పై చదువు పిమ్మట సార్వత్రికముగనైనను సాగించుకొనవచ్చును. అట్టి కొలువు కంటికి కనబడనిచో, నీవు ఎం.యస్సి.కే పోదలచినచో, అయిదు సెమిస్టర్ల పరుగువలన నీకు ఒక్క దినమును కలిసిరాదు. మామూలుగ ఆరు సెమిస్టర్లు చదువుము. మిగిలిన తీరికలో మీ ఊరి పిల్లలకు సాయంకాలము పాఠములు చెప్పినను ఇంటికి నాలుగు రూపాయలు వచ్చును. నీ రసాయనశాస్త్రమును గట్టిపడును.

మీ నాయనగారికి ఈ పంచాంగపు లెక్క వినిపింపుము. తరతరములుగ నూలుతో మెలగినవారు; పడుగు సరిగ సాగదీయక మగ్గముమీదికి ఎక్కించినచో ఎంత చురుకుగ నేసినను బట్ట నిలువదని వారికి ఎవరును చెప్పనక్కరలేదు. ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ చేతులు వేగముగ ఆడవలెనో ఎరిగినవారు వారే. లెక్క తెలిసిన పిమ్మట, నీ చదువు విషయమునను ఆయన ఆ నేర్పునే చూపుదురని మా నమ్మకము.